పుట మారే చోటు

హౌకివార సంఘంలో సంచార బడి పంతులమ్మగా నలభై రెండేళ్ళు పనిచేసిన లోవీసా కర్హునెన్ అనే నేను, ప్రభువునందు నిద్రించిన ఆంతి కర్హునెన్ పెద్ద కూతురిని, అవివాహితను, వయస్సు అరవై ఎనిమిది, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా వ్రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవారు పది ఆజ్ఞలను చివరినుంచి మొదటికి అడిగి చూసుకోవచ్చు.

ఇది నా చేతివ్రాత కాదు. నేను చెబుతుంటే మా చర్చి పాటల పంతులు ఆపెలి తీహొనెన్ గారు వ్రాస్తున్నారు. ఆయనకూ నాకూ నలభై ఏళ్ళుగా పడదు. చదవడం సరిగా రానివాళ్ళకు కూడా వచ్చిందని చర్చి పుస్తకంలో గుర్తు పెట్టేస్తాడని ఆయన మీద నేను ముగ్గురు పాస్టర్లకు ఫిర్యాదు చేశాను. అయినా కావాలనే ఆయన్ను పిలిపించాను. నేనంటే గిట్టని మనిషి నా మాటలకు తీపి పూయడు. చెప్పింది చెప్పినట్టు వ్రాయాలని, నడుమ తన గొణుగుడు కలపకూడదని ఆయన చేత బైబిలు మీద చెయ్యి వేయించాను. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆయనదే.

ఈ కాగితాన్ని నన్ను సమాధి చేశాక కాదు, చేయకముందే చదవాలి. పెట్టె మూతకు మేకులు కొట్టకముందు, వెండ్లా ఎదుట చదవాలి. వెండ్లా నా చెల్లెలు హేతా కూతురు. నాలుగు నెలల పసికందుగా ఉన్నప్పటినుంచి నేనే పెంచాను. ఇప్పుడు నేనే ఆమె ఇంట్లో, పొయ్యి పక్క గదిలో ఉంటున్నాను. ముందే ఎందుకు చదవాలో ఆరు, ఏడు అంశాల్లో ఉంది. తొందరపడి అక్కడికి దూకవద్దు. పుటలు దాటేసే పిల్లలను నేనెలా చూసేదాన్నో మీలో సగంమందికి గుర్తుండే ఉంటుంది.

మొదటిది. నాకు స్థిరాస్తి లేదు. సంచార బడి పంతులమ్మకు ఇల్లెక్కడిది? ఒక్కో ఊళ్ళో మూడు వారాలు, ఒక్కో ఇంటి బల్ల చివర ఒక పళ్ళెం, పొయ్యి పక్కన ఒక చాప. నా పేరున ఉన్నది మూరిక్కి అనే ఒక ఆవు, రాగి కాఫీ గిన్నె, రెండు ఉన్ని దుప్పట్లు, చలికోటు. ఇవన్నీ నా తదనంతరం సర్వహక్కులతో వెండ్లాకు చెందాలి. ఆరవ అంశం విన్నాక ఆమె నా గురించి ఏమనుకున్నా సరే, ఇవి ఆమెవే. మూరిక్కికి ఎడమవైపు నుంచి పాలు పితికితే తన్నుతుంది. ఇది వెండ్లాకు తెలుసు, ఆమె భర్తకు ఇంకా తెలియదు.

రెండవది. మత్తిల ఇంటి ఇల్లాలికి నా చెక్క చెంచా. వాళ్ళింట్లో బడి జరిగిన మూడు వారాలూ ఆమె నా పళ్ళెంలో చేపల తలకాయలే వేసింది. ఒకనాడు ఉండబట్టలేక అడిగితే, "తలకాయ తింటే తెలివి పెరుగుతుందంట పంతులమ్మా! మా ఇంట్లో ఇంకెవరికి పనికొస్తుంది చెప్పండి?" అంది. ఆ చెంచా లోతైనది, పులుసు అడుగున దాక్కున్న ముక్కదాకా దిగుతుంది. ఆమెను క్షమించానని చెప్పండి. మరచిపోలేదని కూడా చెప్పండి.

మూడవది. నా తర్వాత పంతులమ్మగా వచ్చిన సైమీకి నా స్కీ చెక్కలు, తోలు బూట్లు. బూట్లు కొంచెం వదులైతే గడ్డి కూరుకోవాలి. అమ్మాయీ, పిల్లలు వరుస కింద వేలు పెట్టి చదువుతుంటే కసురుకోకు. అక్షరాలు పట్టుబడని పిల్ల ఎవరైనా ఉంటే బద్ధకమని అనకు. దాన్ని నీ పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే చదివి వినిపించు. ఈ సలహా నా జీతం మొత్తం కంటే ఎక్కువ ఖరీదు పెట్టి కొనుక్కున్నాను.

నాలుగవది. నా పుస్తకాలు, ముప్పై ఒకటి. ఇవి సంఘం హాలులో ఒక అరమీద ఉండాలి. నేను చదవని కాగితం ఈ సంఘంలో లేదు. కాఫీ గింజలు చుట్టి వచ్చిన వార్తాపత్రిక ముక్కను తడిపి, సాఫుచేసి, ఆరబెట్టి చదివేదాన్ని. ఒకసారి ఓడ మునిగిపోయే కథ సరిగ్గా మునిగే చోట చిరిగిపోయింది. ఆ కెప్టెన్ బతికాడో లేదో ముప్పై ఏళ్ళుగా నాకు తెలియదు. ప్రార్థనలో కూడా ఆయన గుర్తొచ్చేవాడు. పాత పాస్టరుగారు నా చేతిలో ఎప్పుడూ ప్రసంగాల పుస్తకమే చూసి, "చూడండి, ఈ అమ్మాయి భక్తి!" అని నలుగురిలో మెచ్చుకునేవారు. ఆ పుస్తకం లోపల ఇంకో పుస్తకం ఉండేది. ఇప్పుడు పరలోకంలో ఆయనకు సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ నన్ను చూసి ఆయన ఏమంటారోనన్న భయం కొంచెం ఉంది.

పుస్తకాలంటే నాకు అంత పిచ్చి. దేవుడు లోకాన్ని మాటతో చేశాడని మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు, ఇంకెలా చేస్తాడు అనుకున్నాను. ఈ పుస్తకాలు ఎవరు అడిగినా ఇవ్వాలి. చేతులు కడుక్కోని వాళ్ళకు కూడా ఇవ్వాలి. చదవడం రానివాళ్ళు అడిగితే, ఎందుకని అడగకుండా ఇవ్వాలి.

ఐదవది. నా కళ్ళజోడు ఎవరికీ ఇవ్వవద్దు, పొయ్యిలో పడేయండి. దానివల్ల నాలుగేళ్ళుగా నాకే ఉపయోగం లేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి బడి మానేశాను కదా. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పోయింది కళ్ళు. కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. ఎవరికీ చెప్పలేదు. ఉదయం ప్రార్థనలో నేను బైబిలు తెరిచి చదువుతున్నానని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. చదవలేదు. జ్ఞాపకం ఉన్నది ఒప్పజెప్పాను. కళ్ళ ముందు పుస్తకం పట్టుకుని, వేలు వరుసమీద జరుపుతూ, నాలుగేళ్ళు నటించాను. దేవుడితో పోట్లాడాను కూడా. నా కాళ్ళు తీసుకో, చెవులు తీసుకో, పుస్తకం మాత్రం ఎందుకు లాక్కుంటావు అని అడిగాను. జవాబు నాకు ముందే తెలుసు.

ఆరవది. వెండ్లా, ఇది నీకు. నీ తల్లి కరువు ఏట చనిపోయిందని నీకు చెప్పాను. అది నిజమే, కానీ సగమే చెప్పాను.

హేతాకు అక్షరాలు పట్టుబడలేదు. తొమ్మిదేళ్ళు నేర్పాను. "అవి నిలబడటంలేదక్కా. ఈగల్లా లేచిపోతున్నాయి, నేనేం చెయ్యను?" అని ఏడ్చేది. బద్ధకం అనుకున్నాను. అక్షరాలు చూపించే పుల్లతో వేళ్ళమీద కొట్టాను. ఆ పుల్ల నా బట్టల పెట్టెలో అడుగున ఉంది. దాన్ని విరిచి నాతోపాటు పూడ్చేయండి. అక్షరాలు రాకపోయినా, ఒకటి రెండుసార్లు వింటే చాలు, అధ్యాయాలకు అధ్యాయాలు దానికి నోటికి వచ్చేసేవి. నేను బైబిలులో రూతు కథ చదువుతుంటే పక్కన కూర్చుని ఉన్ని వడుకుతూ, "ఇంకొక్కసారి చదవ్వే అక్కా, ఇంకొక్కసారి" అని ప్రాణం తీసేది.

పంతొమ్మిదో ఏట దానికి తాహ్వోతో సంబంధం కుదిరింది. తాహ్వో వడ్రంగి. నీకు ఆ వెడల్పు నవ్వు అతని దగ్గరనుంచే వచ్చింది. ఒక పెద్ద రైతు వాళ్ళకు కౌలుకు కొంచెం నేల, ఒక గుడిసె ఇస్తానన్నాడు. కానీ పెళ్ళయినవాళ్ళకే ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో చదవడం రానివాళ్ళను ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునేవాళ్ళలో చేర్చుకునేవారు కాదు, బల్లలో చేరనివాళ్ళకు చర్చిలో పెళ్ళి చేసేవారు కాదు. హేతాను అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి, 1867 ఫిబ్రవరిలో, చదువుల కూటం వంతు మా ఇంటికి వచ్చింది. పాస్టరుగారు ఊరందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత చదివించారు. ఆయన పక్కన అప్పుడే కొత్తగా వచ్చిన పాటల పంతులు, అంటే ఇప్పుడు ఇది వ్రాస్తున్నాయనే. ఆయన పక్కన నేను. ఇరవై నాలుగేళ్ళ పంతులమ్మను, ఉతికి గంజిపెట్టిన తెల్ల కాలరుతో.

హేతా మా నాన్న బైబిలు తీసుకుని రూతు మొదటి అధ్యాయం మొదలుపెట్టింది. ఎంత బాగా చదివిందో నీకు చెప్పలేను. మత్తిల ముసలాయన చుట్ట నోట్లోంచి తీసేశాడు. తలుపు దగ్గర తాహ్వో టోపీ నలుపుతూ నిలబడ్డాడు. పాస్టరుగారు గుర్తు పెట్టడానికి అప్పటికే కలం సిరాలో ముంచారు.

మా బైబిలులో, కోడలు అత్తను వదిలి వెళ్ళనని చెప్పే చోట, మాట మధ్యలో పుట అయిపోతుంది. హేతా అక్కడ ఆగలేదు. పుట తిప్పలేదు. వేలు కాగితం అడుగున ఉండిపోయింది, గొంతు మాత్రం ముందుకు సాగిపోయింది. నాకొక్కదానికే కనబడిందనుకున్నాను.

"పుట తిప్పలేదు," అన్నాను.

రెండే మాటలు, వెండ్లా. అబద్ధంతో బల్ల దగ్గరికి వస్తే దానికి పాపం చుట్టుకుంటుందని, దాని ఆత్మను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకా లోపలి నిజం ఏమిటంటే, నా చూపు ఎంత చురుకైనదో పాస్టరుగారికి తెలియాలనుకున్నాను.

ఆయన ఇంకో పుట తెరిచి ఇచ్చారు. హేతా దానివైపు చూస్తూ నిలబడింది. వెనక ఎవరో, "తలకిందులుగా ఇచ్చి చూడండి అయ్యగారూ, అప్పుడు చదువుతుందేమో!" అన్నారు. గది గదంతా నవ్వింది. హేతా నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు ఇన్నేళ్ళూ కొంచెం నిద్ర పట్టేది. కోపం లేదు. అక్క ఏదో ఒకటి చేస్తుందని నమ్మకంగా చూసింది. నేను జాబితాలో తర్వాతి పేరు పిలిచాను.

కౌలు నేల వేరేవాళ్ళకు పోయింది. వసంతంలో నువ్వు కడుపున పడ్డావని తెలిసింది. సెప్టెంబరు మొదట్లోనే మంచు పడి పంట మొత్తం మాడిపోయింది. తాహ్వో రైలుదారి పనులకు వెళ్ళాడు. నవంబరులో నువ్వు పుట్టావు. అతని కబురు లేదు. మార్చిలో హేతా నిన్ను నా ఒళ్ళో పెట్టి, అతన్ని వెదకడానికి కాలినడకన బయల్దేరింది. బెరడుతో అల్లిన దాని సంచిలో, చెట్టుబెరడు పిండి కలిపిన రొట్టెముక్కలు నాలుగు పెట్టాను. "ఏడిస్తే పాట పాడక్కా. నీ గొంతూ నా గొంతూ ఒకటే కదా, దానికి తేడా తెలియదులే," అంది. అదే దాని చివరి మాట.

మే నెలలో పొరుగు సంఘం నుంచి వచ్చిన కాగితం ఒకటి చర్చి తలుపుకు అంటించారు. సరస్సు మంచుమీది దారిలో దొరికిన స్త్రీ, పేరు తెలియదు, జ్వరంతో పోయిన మిగతావాళ్ళతో కలిపి ఒకే గోతిలో పెట్టాము, బెరడు సంచి మీద ఈ ఇంటి గుర్తు ఉంది, ఎవరిదో చెప్పగలరు అని. కింద, పేరుకు బదులు సామాన్ల మీద చెక్కుకునే మా ఇంటి గుర్తు గీసి ఉంది. తాహ్వో కూడా ఆ చలికాలమే రైలు పనుల దగ్గర పోయాడని తర్వాత తెలిసింది. ఆ గుర్తు మాదేనని నేనే వెళ్ళి చెప్పి సంచి తెచ్చుకున్నాను. కరువు చాలామందిని చంపింది, నిజమే. కానీ పెళ్ళయి ఆ గుడిసెలో ఉండి ఉంటే వాళ్ళకు ఒక ఆవైనా ఉండేది. నీ తల్లిని ఆ దారిలోకి నెట్టింది నేను. నలభై మూడేళ్ళు నువ్వు నన్ను పెద్దమ్మా అని పిలిచావు, పిలిచిన ప్రతిసారీ పలికాను.

ఏడవది. మొన్న ఫిబ్రవరిలో చదువుల కూటం మీ ఇంట్లో జరిగింది. కొత్త పాస్టరుగారు మర్యాదకోసం, "పంతులమ్మగారూ, ఈసారి మీ గొంతుతో మొదలుపెడదాం," అన్నారు. కాదనలేకపోయాను. మా నాన్న బైబిలు తెరిస్తే అదే రూతు కథ దగ్గర తెరుచుకుంటుంది, దానికి అలవాటు. మొదలుపెట్టాను. నోరు తన దారిన తాను పోతోంది. ఉన్నట్టుండి పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. నీ సబ్బుసోడా వాసన, నీ వేళ్ళమీద గరుకు. అది మెల్లగా పుట తిప్పింది. అప్పటికి నేను పుట మారే చోటు దాటి పోయాను. ఎవరూ చూసినట్టు లేదు. కూటం అయ్యాక నువ్వు, "మెట్లమీద మంచు జారుతోంది పెద్దమ్మా, చెయ్యి పట్టుకో," అన్నావు, అంతే.

నీ తల్లికి నేను చేయవలసింది అదొక్కటే. చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉన్నాను.

కాబట్టి మా నాన్న బైబిలు, హేతా బెరడు సంచి నీవి. ఇది విన్నాక నా శవపెట్టె వెనక నడవడం నీకు ఇష్టం లేకపోతే నడవకు. ఎవరూ వెండ్లాను బలవంతపెట్టకూడదని, ఎందుకు రాలేదని అడగకూడదని ఇందుమూలముగా ఆదేశిస్తున్నాను.

మరునాటి చేర్పు. నిన్న ఇక్కడికి వచ్చేసరికి పంతులుగారు కలం కింద పెట్టేశారు. బైబిలు మీద చేసిన ఒట్టు తప్పారు. ఆయన వద్దంటున్నా ఆయన మాటలు ఆయన చేతే వ్రాయిస్తున్నాను.

"వెండ్లాకు తెలుసండీ," అన్నారు.

నేను నమ్మలేదు. పదిహేనో ఏట బల్లలో చేరే ముందు వెండ్లా ఆయన దగ్గరికి పాఠాలకు వెళ్ళింది. చర్చి పుస్తకంలో వాళ్ళమ్మ పేరు పక్కన చదువు గుర్తు పెట్టే చోటు ఖాళీగా ఉండటం చూసి, ఎందుకని అడిగిందట. ఆయన అంతా చెప్పేశారట. ఆ పిల్ల, "నాకు తెలిసిందని పెద్దమ్మతో అనకండి. అంటే ఆవిడ ఇంక పుస్తకం ముట్టుకోదు. పుస్తకం లేకపోతే ఆవిడ బతకదు," అందట.

ఇరవై ఎనిమిదేళ్ళు. అంటే మొన్న పుట తిప్పిన చేతికి, అది ఏ పుటో, ఎవరికోసం తిప్పుతోందో, అన్నీ తెలుసు.

పంతులుగారు ఇంకోమాట కూడా అన్నారు. "ఆ రోజు నాకూ కనబడిందండీ. నేను కిటికీవైపు చూశాను." ఈయన ఇలాంటివాడనే కదా నలభై ఏళ్ళు ఈయన మీద ఫిర్యాదులు చేశాను. నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకు నా రాగి సిరాబుడ్డి ఇవ్వాలి. ఏడుస్తూ వ్రాస్తున్నాడు, అక్షరాలు చెదిరితే నా తప్పు కాదు.

వెండ్లాను నేను ఇంకా అడగలేదు. ఈ ఉదయం కాఫీ తెచ్చి, కప్పు చెవిని నా వేళ్ళవైపు తిప్పి పెట్టింది. అడుగుదామని నోరు తెరిచాను. "చక్కెర ముక్క ఇంకోటి కావాలా పెద్దమ్మా?" అంది. చాలమ్మా అన్నాను. నాకోసం ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుంది. నాకు మిగిలిన ఈ కొద్దిరోజులూ ఆమెకోసం నేను మూసుకోలేనా? నాకు తెలిసిందని ఆమెకు ఈ కాగితమే చెబుతుంది. వెండ్లా, నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అడగకముందే ఇచ్చేశావు, దాన్ని మోయడం ఇంకా కష్టంగా ఉంది తల్లీ.

ఏడవ అంశం చివర చెప్పిన ఆదేశాన్ని రద్దు చేస్తున్నాను. ఎక్కడ నడవాలో వెండ్లాకు నేను చెప్పేదేమీ లేదు.

చర్చి పుస్తకంలో హేతా పేరు పక్కన ఖాళీని ఇప్పుడు ఎవరూ నింపరు. పాస్టరుగారిని అడిగించాను, పాత లెక్కలు దిద్దకూడదట. అందుకని ఈ కాగితం మీదనైనా పాటల పంతులుగారు తాను విన్నది సాక్ష్యంగా వ్రాయాలి.

నాకు సంతకం వచ్చు. కళ్ళు లేకపోయినా చెయ్యి మరచిపోలేదు. అయినా ఈ కాగితం మీద నా పేరు వ్రాయను. నా చెల్లెలు తన పేరు ఎన్నడూ వ్రాయలేదు, సంచిమీద ఇంటి గుర్తు చెక్కుకుంది, దానితోనే పోయింది. నాకూ అదే చాలు.

1911వ సంవత్సరం అక్టోబరు నెల 18వ తేదీ, బుధవారం, హౌకివార.

వీలునామాకర్త గుర్తు: మూడు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒక వాలు గీత.

పై గుర్తును లోవీసా కర్హునెన్ మా ఎదుట పూర్తి తెలివితో, స్వహస్తంతో పెట్టారు. సాక్షులు:
ఇసక్కి మూస్తొనెన్, రైతు.
ఈవా రైస్యానెన్, మంత్రసాని.

వ్రాసినవాడు ఆపెలి తీహొనెన్, పాటల పంతులు. 1867 ఫిబ్రవరిలో హేతా కర్హునెన్ రూతు మొదటి అధ్యాయం వినిపించగా నేను ఆ గదిలో ఉండి విన్నాననీ, పుట మారే చోటు దాటాక కూడా ఆమె ఒక్క మాట పొల్లుపోనివ్వలేదనీ సాక్ష్యం చెబుతున్నాను.